మూత తీసిన పెన్ను

మా ఇంట్లో బల్ల ఒక్కటే. దాని మీదే తినేవాళ్ళం. గిన్నెలు తీసి తుడిచాక ఒక కొసన నేను జవాబు పత్రాలు దిద్దుకునేదాన్ని, రెండో కొసన మా ఆయన పేపరుకి వార్తలు రాసుకునేవారు. మధ్యలో మా అత్తయ్య మందుల డబ్బా. ఆ డబ్బా పక్కన ఎప్పుడూ ఆయన ఇంకు పెన్ను ఉండేది.

ఆ పెన్నుకి మా ఇంట్లో ఒక చట్టం ఉండేది. మూత పెట్టి ఉన్నంతసేపూ ఆ బల్ల దగ్గర ఎవరేం మాట్లాడినా అది ఇంటి మాట. ఇంట్లో పుట్టి ఇంట్లోనే పోవాలి. ఎవరైనా పేపరుకి చెప్పదలుచుకుంటే, ఆయన వాళ్ళ కళ్ళ ఎదుటే మూత తీసి, పెన్ను బల్ల మీద పెట్టి, "ఇక చెప్పండి" అనేవారు. మూత తీయగానే గుర్తొచ్చిన పనేదో చెప్పి లేచి వెళ్ళిపోయినవాళ్ళు చాలామంది. వాళ్ళకి కూడా టీ ఇచ్చే పంపించేవారు. టీ పెట్టేది నేను, మర్యాదస్తుడన్న పేరు ఆయనకి.

ఆ చట్టానికి ఒక కారణం ఉంది. మా పెళ్ళికి ముందెప్పుడో ఒక కుంభకోణం బయటపడి ఏకంగా ప్రభుత్వమే పడిపోయింది. ఆ దెబ్బతో పేపర్లవాళ్ళకి ధైర్యం వచ్చింది. ధైర్యం వెంట కొంచెం పొగరూ వచ్చింది. అప్పుడే ఒక మంత్రి ఆఫీసులో బంట్రోతు టీకొట్టు దగ్గర నోరు జారి అన్న మాటని ఈయన పేపరు పెద్ద అక్షరాలతో వేసింది. ఆ మంత్రి పదవి పోయింది, రెండేళ్ళకి మళ్ళీ వచ్చింది. బంట్రోతుకి పోయిన ఉద్యోగం మళ్ళీ రాలేదు. ఆ వార్త రాసింది ఆయన కాదు. కానీ ఆ తర్వాత బంట్రోతు ఇంటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, ఏం చెప్పాలో తెలియక తిరిగి వచ్చింది ఆయనే.

ఆఫీసులో ఆయన్ని వెనకాల "రేపుగారు" అనేవాళ్ళు. ఏ వార్త చేతికొచ్చినా "ఇంకొకళ్ళని కూడా అడుగుదాం, రేపు వేద్దాం" అంటారని. పోటీ పేపరులో ఆయన ఈడు విలేకరి ఒకతనుండేవాడు. అతన్ని అందరూ తుపాను అనేవాళ్ళు. అతని చేతిలో చినుకు పడినా మర్నాటికి తుపానయ్యేది. ఇద్దరూ మంచి స్నేహితులే. "రేపుగారూ, మీరు రేపు వేసేది నేను నిన్ననే వేసేశాను" అని అతను నవ్వేవాడు. ఈయన కూడా నవ్వేవారు. ఆ ఎన్నికల వేసవి దాకా.

ఆ వేసవి మా బడిలో పరీక్షలు మొదలయ్యేసరికి బెంచీలు ఖాళీ అవుతున్నాయి. పల్లపు వీధుల పిల్లలు జ్వరాలనీ వాంతులనీ రావడం మానేశారు. వచ్చినవాళ్ళు కూడా ప్రశ్నపత్రం మీద తల పెట్టుకుని పడుకునేవాళ్ళు. ఊరంతా మైకుల మోత. గోడ గోడకీ ఒక మంత్రి బొమ్మ. ఆ మంత్రి నీటి సరఫరా శాఖ చూసేవాడు. మా ఊరి నుంచే మళ్ళీ నిలబడ్డాడు. మా అన్నయ్య ఆ మంత్రి దగ్గరే పి.ఏ.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను లెక్కల పేపర్లు దిద్దుతున్నాను. మార్కులు కూడబోతే నా పెన్ను రాయడం మానేసింది. ఆయన స్నానానికి వెళ్ళారు. చేతికందిన ఆయన పెన్ను తీసి కూడికలు వేసుకుంటున్నాను. అంతలో అన్నయ్య వచ్చాడు. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది. ముఖం వాడిపోయి ఉంది.

"ఏం అన్నయ్యా, ఎండలో పడి వచ్చావ్?"

"నీ చేతి టీ తాగుదామని. మంత్రిగారింట్లో టీ కాస్తారే గానీ, తాగే తీరిక ఎవరికీ ఇవ్వరు."

పెన్ను పేపర్ల మీద పడేసి వంటింట్లోకి వెళ్ళాను. అత్తయ్య లోపల గదిలో కునుకు తీస్తోంది. నీళ్ళు మరుగుతుండగా ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ బల్ల దగ్గరికి వచ్చిన చప్పుడైంది. అన్నయ్య గొంతు వినిపించింది, మెల్లగా, ఆగి ఆగి. నేను టీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి చెప్పడం సగంలో ఉంది.

"...పాత ట్యాంకు గొట్టంలో మురుగు కలుస్తోందట బావా. ల్యాబులో పరీక్ష చేసే ఆవిడ స్వయంగా వచ్చింది చెప్పడానికి. ఆవిడకి కుర్చీ వేసింది నేనే. మంత్రి అంతా విన్నాడు. విని ఏమన్నాడో తెలుసా? 'ఓట్లు పడేదాకా ఈ నీళ్ళ మాట ఎవరూ ఎత్తొద్దు. ఇన్నాళ్ళు తాగినవాళ్ళు ఇంకో నెల తాగితే చావరు' అన్నాడు. అని, నాకేసి తిరిగి, సాయంత్రం మీటింగుకి మైకు సరిగ్గా ఉందో లేదో చూడమన్నాడు."

పల్లపు వీధుల పిల్లల ఖాళీ బెంచీలు కళ్ళముందు కదిలాయి.

ఆయన తువ్వాలు కుర్చీ వీపుకి వేసి, "ఇంకా ఎవరున్నారు గదిలో?" అని అడిగారు.

"మేం ముగ్గురమే. ఆవిడా, నేనూ, ఆయనా."

అన్నయ్య టీ తాగి, కాసేపు ఊరికే కూర్చుని వెళ్ళిపోయాడు. వెళ్తూ, "ఎవరికో ఒకరికి చెప్పకపోతే గుండె ఆగిపోయేలా ఉంది అమ్మాయ్" అన్నాడు నాతో.

ఆ మర్నాడు ఆయన ఒళ్ళు మరిచి రాశారు. నేను బడి నుంచి వచ్చేసరికి బల్ల నిండా కాగితాలు. మొదటి పేజీలో చోటు ఉంచమని ఎడిటర్ గారికి ఫోన్‌లో చెప్పేశారట. ఆయన్ని అంత వేగంగా ఎప్పుడూ చూడలేదు. రేపుగారు ఇవాళ్టివారైపోయారని నవ్వుకున్నాను.

చట్టంలో రెండో సగం ఒకటుంది. ఎవరి మాట వేస్తున్నారో వాళ్ళకి ఆ మాట అచ్చుకి వెళ్ళేముందు చదివి వినిపించాలి. పేరు వెయ్యకపోయినా సరే. అందుకని సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి వెళ్ళే దారిలో అన్నయ్యని రమ్మన్నారు. అన్నయ్య వచ్చి కూర్చున్నాడు. ఆయన చదవడం మొదలుపెట్టారు. మంత్రి కార్యాలయంలో పనిచేసే ఒక ఉద్యోగి చెప్పిన ప్రకారం, అనే వాక్యం దాకా వచ్చేసరికి అన్నయ్య ముఖంలో నెత్తురు లేదు.

"ఇదేంటి బావా?"

"నువ్వు చెప్పిందేగా."

"చెప్పాను. ఇంట్లో చెప్పాను. నీతో చెప్పాను, పేపరుతో కాదు."

"పెన్ను మూత తీసే ఉంది కదా."

"అది చెల్లాయి పేపర్లు దిద్దుకుంటున్న పెన్ననుకున్నాను."

ఇద్దరూ నాకేసి చూశారు. నేను లెక్కల పేపర్ల కట్టకేసి చూశాను. పైనున్న పేపరు మీద ఆయన నీలం సిరాతో నేను వేసిన కూడిక ఉంది. ఆయన వచ్చేసరికి అన్నయ్య ఎదుట మూత లేని పెన్ను ఉంది కాబట్టి, అన్నయ్యే మూత తీసి చెబుతున్నాడని ఆయన అనుకున్నారు. ఇలాంటి పొరపాటు మా ఇంట్లో తప్ప ప్రపంచంలో ఇంకే ఇంట్లోనూ జరగదు.

అత్తయ్య లోపలి నుంచి వచ్చి, "మూత తెరిచుందిరా, నోళ్ళు జాగ్రత్త అని నేనుంటే చెప్పేదాన్ని. ఆ పూటే నిద్ర ముంచుకొచ్చింది" అంది.

ఎవరూ నవ్వలేదు. ఆయన ఆ కాగితాలు సరిచేసి, రెండు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నారు. "సరే బావా. లేదు ఈ వార్త" అన్నారు. అంతే అన్నారు.

అన్నయ్య వెళ్ళాక ఎడిటర్ గారికి ఫోన్ చేశారు. అవతలి గొంతు వంటింట్లోకి వినిపించేటంత పెద్దగా ఉంది.

"మూత తీసి ఉందంటున్నావుగా? నీ చట్టం ప్రకారమే వెయ్యొచ్చుగా?"

"తీసింది లెక్కల పేపర్ల కోసం సార్."

"నీకు బుద్ధుందా? మొదటి పేజీ ఖాళీ పెట్టించాను."

"ఎండలు మండిపోతున్నాయని ఒక ఫొటో వెయ్యండి సార్."

ఫోన్ పెట్టేశాక నేను ఊరుకోలేకపోయాను. నాకు పెద్దగా మాట్లాడటం అలవాటు లేదు. పిల్లల మీద కూడా గొంతెత్తను. కానీ ఆ సాయంత్రం ఎత్తాను.

"మీ చట్టం నా పిల్లల కంటే ఎక్కువా? రేపు పొద్దున్న వాళ్ళు మళ్ళీ ఆ నీళ్ళే తాగుతారు."

ఆయన జేబులో మడిచి పెట్టుకున్న కాగితాలు తడుముకున్నారు. తర్వాత, "నీళ్ళు బాగాలేవని చెప్పడానికి మీ అన్నయ్య ఎందుకు?" అన్నారు, నన్ను కాదు, తనని తాను అడుగుతున్నట్టు. "మంత్రి ఏమన్నాడో మీ అన్నయ్య చెప్తేనే తెలుస్తుంది. కుళాయిలో ఏముందో కుళాయే చెప్తుంది."

"మరి ఇంకా కూర్చున్నారేం?"

"నువ్వు తిట్టడం అయిపోయాక లేద్దామని."

మర్నాడు పొద్దున్నే మా బడి కుళాయి నుంచి, పల్లపు వీధుల్లో నాలుగైదు ఇళ్ళ నుంచి సీసాల్లో నీళ్ళు పట్టుకుని పక్క ఊరి కాలేజీకి బస్సులో వెళ్ళారు. అక్కడి కెమిస్ట్రీ లెక్చరరు తన పేరు వేసుకోమని చెప్పి మరీ పరీక్ష చేశాడు. మా వీధి చివర క్లినిక్ డాక్టరమ్మ బల్ల దగ్గర కూర్చుని, మూత తీసిన పెన్ను ఎదుట, ఎంతమంది పిల్లలొస్తున్నారో, ఏ వీధుల నుంచి వస్తున్నారో చెప్పింది. నా వంతు నేను చేశాను. ప్రార్థన అయ్యాక పిల్లల్ని నిలబెట్టి, నీళ్ళు కాచి చల్లార్చి తాగమని, ఇంట్లో అమ్మకీ నాన్నకీ చెప్పమని చెప్పాను.

హెడ్మాస్టరు గారు కంగారుగా పక్కకి పిలిచారు. "ఎన్నికలప్పుడు ఈ నీళ్ళ గొడవెందుకమ్మా మనకి? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"ఆరోగ్య పాఠం సార్. సిలబస్‌లోనే ఉంది."

"అది వచ్చే ఏడాది పాఠం."

"తెలివైన పిల్లలు సార్. ముందే అర్థమవుతుంది."

ఆయన నవ్వాపుకుని వెళ్ళిపోయారు. సాయంత్రానికి బడి కుళాయికి తాళం వేయించింది కూడా ఆయనే.

ఆ వారంలోనే పేపరులో వచ్చింది. మంత్రి మాట లేదు, అన్నయ్య ఊసు లేదు. పాత ట్యాంకు నీళ్ళలో మురుగు కలుస్తోంది, కాచి తాగండి అని మొదటి పేజీలో పైన. ఏ మాటకామాటే చెప్పాలి, ఎడిటర్ గారు ముందు రుసరుసలాడినా, ఎలా కాచాలో, ఎంతసేపు కాచాలో చుట్టూ గీతలు కట్టిన పెద్ద పెట్టెలో వేయించారు. "మంత్రి మాట కూడా కలిస్తే బాంబయ్యేదయ్యా" అని మాత్రం అన్నారట. "నీళ్ళు కాచుకోమని చెప్పడానికి బాంబెందుకు సార్, పొయ్యి చాలు" అన్నారట ఈయన. మూడో రోజుకల్లా పల్లపు వీధుల్లోకి ట్యాంకర్లు వచ్చాయి. బెంచీలు ఒక్కొక్కటే నిండటం మొదలైంది.

అక్కడితో అయిపోతే బాగుండేది.

ఆ శనివారం మార్కెట్ దగ్గర సభలో మంత్రి కంటతడి పెట్టుకున్నాడు. ల్యాబులో పనిచేసే ఆవిడ పరీక్ష చేసి కూడా తనకి చెప్పకుండా దాచిందని, తెలిసుంటే తన ఇంటి నీళ్ళు తెచ్చి పిల్లలకి పోసేవాణ్ణని అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆవిణ్ణి ఆ సాయంత్రమే సస్పెండ్ చేశారు. మర్నాడు తుపాను పేపరులో ఆవిడ ఫొటో వచ్చింది. పిల్లల ప్రాణాలతో ఆడిన అధికారిణి అని పైన రాసి ఉంది. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడ ఇంటి గుమ్మం మీద ఎవరో మురుగునీళ్ళు గుమ్మరించి పోయారు.

ఈయన ఆవిడ దగ్గరికి వెళ్ళి వచ్చారు. ఎప్పుడూ లేనిది, చెప్పులు విప్పకుండా లోపలికొచ్చి కూర్చుండిపోయారు.

"చెప్పాను సార్ అంటోంది. నేను చెప్పాను, ఆయన విన్నారు అంటోంది. కానీ ఆయన మంత్రి, నేను సస్పెండైనదాన్ని, నా ఒక్కదాని మాట ఎవరు నమ్ముతారు అంటోంది. తప్పేముంది? ఆవిడ మాట ఒకటే వేస్తే ఆయన మాట దాన్ని తొక్కేస్తుంది."

రెండో మాట ఎవరి దగ్గరుందో ఆ బల్ల దగ్గర ముగ్గురికీ తెలుసు. అత్తయ్య మందు బిళ్ళ చేతిలో పట్టుకుని, వేసుకోవడం మరిచిపోయి, "ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటారు. ఈ మంత్రేమో ఉప్పు తింటున్నాడు, నీళ్ళు ఊళ్ళో పిల్లలు తాగుతున్నారు" అంది.

నేను లేచి చీర సర్దుకున్నాను. "అన్నయ్య దగ్గరికి వెళ్ళొస్తాను."

"వద్దు" అన్నారు ఆయన.

"అడిగితే తప్పేంటి?"

"నేనడిగితే మీ అన్నయ్య కాదనగలడు. నువ్వడిగితే కాదనలేడు. అందుకని నువ్వు అడగొద్దు."

నేను కూర్చున్నాను. చాలా కోపంగా కూర్చున్నాను. వదిన, ఇద్దరు పిల్లలు, మంత్రి ఇప్పించిన క్వార్టరు, అన్నయ్యకి ఆ ఉద్యోగం తప్ప వేరే ఆధారం లేదు. అది నాకు తెలుసు. అటువైపు ఆవిడ గుమ్మం మీద మురుగునీళ్ళు. రెండూ నా కళ్ళముందే ఉన్నాయి. ఆయన మాత్రం పెన్నుకి మూత గట్టిగా నొక్కి, డబ్బా పక్కన పెట్టి, చెప్పులు విప్పడానికి బయటికి వెళ్ళారు.

పోలింగు ఇంకా దగ్గరపడింది. తుపాను దారిలో కలిసి, "రేపుగారూ, ఈసారి మీ రేపు ఓట్ల తర్వాతేనా?" అన్నాడట. ఆయన నవ్వలేదు. "ఆవిణ్ణి ఒక్క మాట అడిగావా?" అన్నారట. తుపాను తల తిప్పుకుని సైకిలెక్కి వెళ్ళిపోయాడట. ఇది నాకు ఆయన చెప్పలేదు. తుపానే చెప్పాడు, ఎన్నో ఏళ్ళ తర్వాత.

పోలింగుకి ముందు ఆదివారం అన్నయ్య వచ్చాడు. ఒక్కడే కాదు, వదిన కూడా ఉంది. వదిన ఎప్పుడూ పిల్లల్ని తీసుకునే వస్తుంది. ఆరోజు పిల్లల్ని పక్కింట్లో వదిలి వచ్చింది. ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. నేను టీ పెట్టడానికి లేవబోతే వదిన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

అన్నయ్య ఆయనకేసి చూశాడు. "ఏం బావా, నన్ను ఒక్కసారి కూడా అడగలేదేం?"

"ఏమని అడగను?"

"తెలిసి తెలియనట్టు మాట్లాడకు. ఆవిడ ఇంటికి వెళ్ళావట. మా ఆఫీసులో అందరికీ తెలుసు. నువ్వొస్తావని రోజూ చూశాను. వస్తే, పిల్లలు గలవాణ్ణి, నావల్ల కాదని చెబుదామనుకున్నాను. ఎలా చెప్పాలో కూడా అనుకున్నాను. నువ్వు రాలేదు. ఇక ఆ మాటలు ఎవరికి చెప్పుకోను? నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. నాకు నేను చెప్పుకుంటే బాగాలేదు."

ఆయన తల దించుకున్నారు.

"పదేళ్ళు ఆయన ఉప్పు తిన్నాను" అన్నాడు అన్నయ్య. "అదే పట్టుకుని కూర్చున్నాను. నిన్న ఆఫీసులో ఆవిడకి వేసిన కుర్చీ కనపడింది. అక్కడే ఉంది, గోడ పక్కన. దాని మీద ఎవరో పోస్టర్ల కట్టలు పడేశారు. పక్కకి తీద్దామని వెళ్ళి, తీయలేక వచ్చేశాను."

వదిన మధ్యలో అందుకుంది. "రాత్రుళ్ళు నిద్ర లేదు, నన్ను పడుకోనివ్వడు. క్వార్టరు పోతే మీ మేడ మీద గది ఉందిగా అన్నయ్యగారూ. సామాను సగం సర్దేశాను కూడా. మిగతా సగం ఈ పెద్దమనిషి నోరు విప్పాక సర్దుతాను."

"ఇవాళొద్దు బావా" అన్నారు ఆయన. "ఇంకొక్కసారి ఆలోచించుకో. రేపు..."

"చాల్లే రేపుగారూ" అన్నాడు అన్నయ్య.

చెయ్యి చాచి, మందుల డబ్బా పక్కన ఉన్న పెన్ను అందుకుని, మూత తీసి, ఆయన ఎదుట పెట్టాడు.

"ఇక చెప్తాను" అన్నాడు.

చాలా రోజులుగా వాడకపోవడంతో పెన్ను రాయలేదు. ఆయన విదిలిస్తే బల్ల మీద పెద్ద సిరా బొట్టు పడింది. నేను గుడ్డ కోసం లేవలేదు. ఎవరూ లేవలేదు. అన్నయ్య ఆ గదిలో ఎవరెక్కడ కూర్చున్నారో మొదలుపెట్టి, మైకు సంగతి దాకా, ఒక్క మాట పెంచకుండా, తగ్గించకుండా చెప్పాడు. చివర, "నా పేరు వెయ్యి" అన్నాడు.

"అక్కర్లేదు. ఒక ఉద్యోగి అంటే చాలు."

"చాలదు. నా పేరు లేకపోతే మళ్ళీ ఆవిడ పేరొక్కటే మిగులుతుంది."

సాయంత్రం ఆయన మంత్రికి ఫోన్ చేశారు. వేయబోయేదంతా మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించారు. అది చట్టంలో మూడో సగం అనేది అత్తయ్య. అవతల చాలాసేపు తిట్లు. ఆయన ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చేత్తో రాసుకుంటూనే ఉన్నారు. చివరికి మంత్రి, "ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అనలేదయ్యా. సొంత బావమరిదినే బలిపెడుతున్నావ్. వాడు నీకు చుట్టమని జనానికి తెలిస్తే నీ వార్త ఎవడు నమ్ముతాడు?" అన్నాడట.

"జనానికి తెలుస్తుంది సార్. మొదటి పేరాలోనే ఉంటుంది" అన్నారు ఈయన.

దాని మీద మళ్ళీ ఎడిటర్ గారితో గొడవ. చుట్టరికం రాస్తే వార్త బలం పోతుందని ఆయన.

"దాస్తే మన బలం పోతుంది సార్."

"రాసెయ్" అని పెట్టేశారు ఎడిటర్ గారు.

మర్నాటి పేపరు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. అన్నయ్య పేరు, ల్యాబు ఆవిడ పేరు పక్కపక్కన ఉన్నాయి. ఈ ఉద్యోగి ఈ వార్త రాసిన విలేకరి భార్యకి స్వయానా అన్నగారు అని ఒక వాక్యం ఉంది. కింద, మంత్రి అన్నదంతా ఉంది, బలిపెడుతున్నావ్ అన్న మాటతో సహా. తిట్లున్న చోట చుక్కలు పెట్టారు. చుక్కలే ఎక్కువున్నాయని అత్తయ్య విసుక్కుంది.

ఆ సాయంత్రానికి మంత్రి పదవికి రాజీనామా చేశాడు. ఓట్లలో మాత్రం ఓడిపోలేదు, కొద్దిలో గట్టెక్కాడు. పల్లపు వీధుల్లో మాత్రం తుడిచిపెట్టుకుపోయాడు. ల్యాబు ఆవిడకి ఉద్యోగం తిరిగి ఇచ్చారు. చేరిన రోజు మా ఇంటికి వచ్చి, బల్ల దగ్గర అన్నయ్య ఎదుట కూర్చుంది. అన్నయ్య లేచి కుర్చీ వేయబోయి, ఆవిడ అప్పటికే కూర్చుని ఉందని చూసి, తానే కూర్చున్నాడు.

అన్నయ్య ఉద్యోగం పోయింది. వదిన మిగతా సామాను సర్దింది. మేడ మీద గదిలోకి వచ్చేశారు. ఆ పైన అదే బల్ల మీద రెండు విడతలుగా తినేవాళ్ళం. ఏడాదికి అన్నయ్యకి ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని దొరికింది. అందులో నాకంటే గట్టివాడయ్యాడు. తుపాను తన పేపరులో ల్యాబు ఆవిడకి క్షమాపణ వేశాడు, అదీ మొదటి పేజీలోనే. ఆ తర్వాత అతను కూడా ఎవర్ని గురించైనా రాసేముందు వాళ్ళకి చదివి వినిపించడం మొదలుపెట్టాడు. "మీ జబ్బు అంటుకుంది" అనేవాడు ఈయనతో. ఈయన పేపరులో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు ఎడిటర్ గారే ఆ లెక్కల పేపర్ల కథ చెప్పేవారు. ఫోన్‌లో తాను అరిచిన సంగతి మాత్రం చెప్పేవారు కాదు. అది తుపాను చెప్పేవాడు.

బల్ల మీద సిరా మచ్చ పోలేదు. నిమ్మకాయతో రుద్దాను, సోడాతో రుద్దాను. కొన్నాళ్ళకి దాని మీదే అత్తయ్య మందుల డబ్బా పెట్టాను. అత్తయ్య పోయాక ఆ చోట ఆయన మందుల డబ్బా వచ్చింది. ఈ ఏడాది వర్షాలు మొదలయ్యే ముందు అది కూడా తీసేశాను.

ఆయన పోయాక చాలామంది వచ్చారు. ఆయన్ని గురించి మంచి మాటలు చెప్పారు. అన్నీ నిజమే. విని తల ఊపాను. అన్నయ్య మాత్రం ఏమీ అనలేదు. వచ్చేవాళ్ళకి కుర్చీలు వేశాడు, వెళ్ళేవాళ్ళని గుమ్మం దాకా దిగబెట్టాడు. వదిన కంగారుపడింది. నేను కంగారుపడలేదు. నాకూ మాటలు రావడం లేదు.

అందరూ వెళ్ళిపోయాక ఒక మధ్యాహ్నం అన్నయ్య మేడ దిగి వచ్చి, బల్ల దగ్గర ఆయన కుర్చీకి ఎదురుగా కూర్చున్నాడు. పెన్ను మచ్చ పక్కన ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని, మూత బిగించి ఉందో లేదో వేలితో నొక్కి చూసుకున్నాడు. ఉన్నచోటే పెట్టాడు.

"మూత పెట్టే ఉంది కదమ్మాయ్?"

"పెట్టే ఉంది అన్నయ్యా."

"అయితే సరే" అని, ఆ ఖాళీ కుర్చీకేసి తిరిగి, ఆయన్ని తిట్టడం మొదలుపెట్టాడు. ప్రతిదానికీ రేపు రేపు అనేవాడివి, దీనికి మాత్రం అంత తొందరేమొచ్చిందిరా అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి టీకి నీళ్ళు పెట్టాను. మంట తగ్గించాను. అన్నయ్య చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది.